అజాన్‌కు ఆగని లారీ

అర్షీన్‌కు ఉన్న భయాలల్ల అన్నిటికంటె పెద్దది ఇది: హస్నైన్‌కు అక్కడ ఏదో అయితది, ఆ సంగతి తనకు తెల్వదు. తెల్వకుండనే తను పొద్దున లేస్తది, చాయ్ పెడ్తది, బిడ్డకు జడలేస్తది, పక్కింటామె ఏదన్న అంటె నవ్వుతది గూడ. చెడు కబురు వచ్చినంక మళ్ళ లెక్కేసుకుంటె, ఆ నవ్విన రోజు బయటపడ్తది. కబురు కంటె ఎక్కువ ఆ నవ్వుకే ఆమె భయపడ్తది.

కథ ఎక్కడిదాక వచ్చిందో జర యాది చేసుకుందాం. సిద్దిపేట పాత బస్టాండు ఎనుక గల్లీల హస్నైన్ నడిపిన గేమింగ్ షాపు మూతపడ్డది. అందులోంచి మిగిలింది ఒక్క లాప్‌టాపు, అటక మీద నాలుగు పాత సీపీయూలు. లాప్‌టాపు భార్యకు అప్పజెప్పి, హస్నైన్ ఏసీ మెకానిక్ పని మీద సౌదీల దమ్మామ్ పోయి రెండేండ్లయింది. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ పూట ఆయన రూముల కంప్యూటరు మీద, ఈమె లాప్‌టాపు మీద, ఇద్దరు లారీల ఆటల కలుస్తరు. ఆయనదొక లారీ, ఈమెదొక లారీ, రోడ్డు మాత్రం ఒకటే. నెలన్నర కింద ఆ ఆటకు అప్‌డేటు వచ్చి, కొత్త బట్టలు తొడుక్కున్నది. దాన్ని మోసే బలం పాత లాప్‌టాపుకు లేకపాయె. బొమ్మ ఆగి ఆగి, ఫోటో తర్వాత ఫోటో లెక్క వచ్చుడు మొదలైంది. దాని మీద ఇంకోటి: మూడు వారాల సంది హస్నైన్ గొంతు వినలేదు. ఫోను కిందపడి మైకు పోయిందట, ఆటల మైకు గూడ ఖరాబట. అన్ని మెసేజులే. పోయిన వారం అర్షీన్ అటక మీది సీపీయూలు నాలుగు సునీల్ షాపుకు పంపి, వాటికి బదులు లాప్‌టాపుకు బయటినుంచి తగిలించే గ్రాఫిక్స్ కార్డు కావాలన్నది. ఆ కార్డు పట్టుకొని ఈ శుక్రవారం సునీల్ ఇంటికొచ్చిండు.

చింతమడక ఊరి పిలగాడు అని గల్లీల అందరు అంటరు గని, సునీల్ పిలగాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. హస్నైన్ షాపు నడిచిన రోజులల్ల ఏ మిషను ఖరాబైనా బాగుచేసింది ఆయనే. లాప్‌టాపును చాప మీద బోర్లేసి స్క్రూలు విప్పుకుంట, ఒక్కొక్కటి ఉప్పు గిన్నెల ఏస్తుంటె టింగు టింగుమంటుంది.

"అక్కా, మన లాప్‌టాపు ముసల్ది. కొత్తవాటికైతె పక్కకు ఒక తొర్ర ఉంటది, బయటి కార్డు వైరు అందుల గుచ్చితె అయిపాయె. దీనికి అసొంటిది లేదు. లోపట వైఫై చిప్పు ఉన్న జాగ ఖాళీ చేసి, గాడికెళ్ళి వైరు బయటికి తియ్యాలె."

"వైఫై పీకేస్తె నెట్టు ఎట్ల తమ్మీ?"

"నీ ఫోన్‌ల నెట్టు ఉన్నది గదా. ఫోనును వైరుతోని లాప్‌టాపుకు కట్టేస్త. ఆవు పక్కకు దూడను కట్టేసినట్టు."

"నడుమ ఫోను ఊడితె?"

"బావ మాయం," అని నవ్విండు సునీల్.

అర్షీన్ నవ్వలే. ఆయన గూడ నవ్వు మింగి, తల వంచి పనిల పడ్డడు.

గ్రాఫిక్స్ కార్డు మూరెడు పొడుగున్నది. దానికి రెండు పంఖాలు. కప్పు లేదు, డబ్బా లేదు, నగ్నంగ ఉన్నది. దాన్ని సందూకు పెట్టె మీద పెట్టి, పక్కన ఒక పాత సీపీయూల నుంచి పీకిన పవర్ సప్లై పెట్టిండు. లాప్‌టాపు పెట్టే కరెంటు దీనికి సాలదట, దీని తిండి దీనికి వేరే ఉండాలెనట. పంఖాలు తిరుగుడు మొదలుకాంగనే మూడేండ్ల తహూరా చప్పట్లు కొట్టింది.

"అమ్మా, చిన్న పంఖా! నాది!"

"నీది కాదు, ముట్టుకోవద్దు, ఏలు పోతది," అన్నది అర్షీన్. అని ఊకోలేదు. బిడ్డను ఎత్తుకొని ఆ మూలకు దింపింది, మళ్ళ ఎత్తుకొని ఈ మూలకు దింపింది, ఆఖరుకు చంకల్నే పెట్టుకున్నది. సందూకు ఇంక జర ఎత్తు ఉంటె బాగుండు అనుకున్నది. వైరు ఊడి బిడ్డ మీద పడితె? పవర్ సప్లై షాకు కొడితె? ఆమె మనసు ఎప్పుడు ఇట్లనే, ఒక భయం అయిపోకముందే ఇంకోటి వరుసల నిలవడ్తది.

అంత చేసి ఆట తెరిస్తె, బొమ్మ పెద్దగ ఏం మారలే. ఇంతకుముందు పది అడుగులకొకసారి ఆగేది, ఇప్పుడు ఇరవై అడుగులకొకసారి ఆగింది. అర్షీన్ మొఖం సన్నబడ్డది. సునీల్ తెర దిక్కు, కార్డు దిక్కు రెండుసార్లు చూసి నెత్తి కొట్టుకున్నడు.

"అరె, నా బుర్రల గుజ్జు లేదక్కా! కార్డు గీసిన బొమ్మ, పోయిన సన్న వైరులనే మళ్ళ ఎనుకకొచ్చి లాప్‌టాపు మీద పడుతుంది. పొయ్యేటోళ్ళు, వచ్చేటోళ్ళు ఒకటే సందుల ఇరికినట్టు. కార్డుకెళ్ళి సక్కగ ఇంకో తెరకు ఇస్తె గుర్రం లెక్క ఉరుకుతది. టీవీ ఉన్నదా?"

ఉన్నది. కాని ఆ టీవీ ముందటి అర్రల ఉన్నది, దాని ముందట ఖాజాబీ ఉన్నది.

ఖాజాబీ హస్నైన్ తల్లి. రెండు నెలల కింద ఛాతిల నొప్పి లేచి నాలుగు రోజులు దవాఖానల ఉండొచ్చింది. పెద్ద డాక్టరు అర్షీన్‌ను పక్కకు పిలిచి ఒక్కటే మాట చెప్పిండు: ఈమెకు ఒక్కసారిగ ఏ సంగతి చెప్పొద్దు, మంచిదైనా సరే, చెడ్డదైనా సరే. ఆ మాట అర్షీన్ కొంగుకు ముడేసుకున్నది. ఆ రోజునుంచి ఇంట్ల కూరగాయల ధరలు గూడ మెల్లగ చెప్తది.

తఖ్తు బల్ల మీద కూసొని కందిపప్పు చెరుగుతున్న ఖాజాబీ, సునీల్ వైర్ల చుట్ట పట్టుకొని రాంగనే చాట పక్కకు పెట్టింది.

"ఏంది రా సునీలూ, నా డ్రామా టైముకు నీ పాములు పట్కొచ్చినవ్?"

"ఒక్క గంట ఖాజాబమ్మా. నీ కొడుకును చూపిస్త."

"నా కొడుకును చూపిస్తవా? అయితె గంటెందుకురా, టీవీ నువ్వే ఇంటికి తీస్కపో."

అనుకుంటనే లేచింది. ఓణీ చెంగుతోని టీవీ అద్దం తుడిచింది. మూలలల్ల గూడ తుడిచింది. కొడుకు ఏ మూలల కనవడ్తడో ఎవరికి తెలుసు.

సునీల్ సందూకును గూడ ముందటి అర్రలకు జరిపి, కార్డుకెళ్ళి టీవీకి వైరు ఇచ్చిండు. లాప్‌టాపు సందూకు పక్కకు, దానికి ఫోను కట్టేసి ఉన్నది. అర్షీన్ కీబోర్డు ముందట మోకాళ్ళ మీద కూసున్నది. సునీల్ చెయ్యి తీసి, "ఇగ తోలక్కా," అన్నడు.

రోడ్డు తెరుచుకున్నది.

నిజంగనే తెరుచుకున్నది. నెలన్నర సంది అర్షీన్ చూసింది రోడ్డు కాదు, ముక్కలు. ఇప్పుడు గుట్ట మీద మంచు కరిగి కారుతుంటె కనవడ్తుంది, పచ్చిక మీద గాలి పోతుంటె కనవడ్తుంది, లారీ అద్దం మీద పడ్డ ఒక్కొక్క వాన చుక్క కిందికి జారి ఇంకో చుక్కతోని కలుస్తుంటె కనవడ్తుంది. నూరు అడుగుల ముందట, నీలిరంగు లారీ ఒకటి రోడ్డు పక్కకు ఆగి ఎదురు చూస్తుంది. లారీ మీద గాలిల తేలుకుంట అక్షరాలు: హస్నైన్, సిద్దిపేట.

ఎన్ని శుక్రవారాలైంది ఆ లారీని సక్కగ చూసి.

"ఇదేనా?" అన్నది ఖాజాబీ, మెల్లగ, దవాఖానల మాట్లాడినట్టు. "ఇందుల నా కొడుకు ఉన్నడా?"

"ఉన్నడమ్మీ."

"మరి కనవడడేం?"

"లారీ అద్దాలు నల్లగుంటయి అమ్మీ."

"దమ్మామ్ గింత పచ్చగుంటదని వాడు ఎన్నడు చెప్పలే."

"అది దమ్మామ్ కాదు, ఆటల దేశం."

"ఏ దేశమైతేంది దుల్హన్. పొల్లగాడు కండ్ల ముందట ఉన్నడు, సాలు." కోడలిని ఆమె పెండ్లినాటి నుంచి దుల్హన్ అనే పిలుస్తది. చెయ్యెత్తి ఏదో చదివి, టీవీ మీదికి ఉఫ్ఫుమని ఊదింది. ఆ ఊపిరికి అద్దం మీద జరంత ఆవిరి పట్టింది, నీలి లారీ మసకైంది, మళ్ళ తేటపడ్డది.

నీలి లారీ కదిలింది. అర్షీన్ ఎనుకనే పోనిచ్చింది.

ఆమె చదువు పదో తరగతి నడుమల ఆగింది, తండ్రికి పక్షవాతం వచ్చి. సైకిలు తొక్కుడు గూడ రాదు. స్టీరింగు పట్టుడు నేర్పింది హస్నైనే. పెండ్లైన కొత్తల మధ్యాహ్నం షాపుకు టిఫిన్ డబ్బ తీస్కపోతె, పిల్లలు లేని టైము చూసి ఒక మిషను ముందట కూసోబెట్టేటోడు. "నువ్వు బయట ఎక్కడికి పోకున్నా సరే, గీడ కూసొని ఎంత దూరమైనా పో. పెట్రోలు నాది," అనేటోడు. ఆ ఆటల ఉన్న ఊర్ల పేర్లు ఇద్దరికి నోరు తిరగకపోతుండె. అందుకే సిద్దిపేట చుట్టుముట్టు ఊర్ల పేర్లు తెచ్చి పెట్టుకున్నరు. మొదటి టోలు గేటు కోహెడ. చెరువు పక్క బంకు పొన్నాల. గుట్టల నడుమ, ఎర్ర పెంకుల ఇండ్ల ఊరు చేర్యాల. "చేర్యాల దాటినవా?" అని ఆయన దమ్మామ్‌ల కూసొని అడిగితె, "దాటిన, నీ కోసం బంకు కాడ ఆగిన," అని ఈమె సిద్దిపేటల కూసొని చెప్పేది. ఎంత దూరం పోయినా ఇద్దరు ఇండ్లు దాటలేదు, కాని ఒకరి ఎనుక ఒకరు పోయిన్రు. అది ఒక్కటే ఆమెకు కాపురం లెక్క ఉండేది.

ఎర్ర పెంకుల ఊరు దాటుతుంటె ఖాజాబీ అడిగింది, "ఏం మాట్లాడడేం?"

"మైకు ఖరాబైంది అమ్మీ. మనం మాట్లాడితె వింటడు. రాస్తడు, అంతె."

అప్పుడు, గల్లీ చివరి మసీదు నుంచి సాయంత్రం పూట అసర్ నమాజుకు అజాన్ లేచింది.

ఖాజాబీ చెంగు తల మీదికి లాక్కున్నది. సునీల్ మాట ఆపి, చేతులు కట్టుకొని గోడకు ఒరిగిండు. అర్షీన్ చెయ్యి తనంతట తనే బ్రేకు మీదికి పోయింది. లారీని రోడ్డు పక్కకు తీసి, ఇంజను బంద్ చేసింది.

ఇది హస్నైన్ పెట్టిన రివాజు. షాపుల అజాన్ వినవడంగనే పది మిషన్ల ఆవాజు బంద్ కావాలె. ఎవడన్న పోరడు కాల్చుకుంట, పేల్చుకుంట ఉంటె, హస్నైన్ ఏమనకుండ పోయి మెయిన్ స్విచ్చు మీద ఏలు పెట్టేటోడు, అంతె, అందరి చేతులు లేచేటియి. దమ్మామ్ పోయినంక గూడ అదే. అక్కడ అజాన్ టైము వేరు, ఇక్కడిది వేరు. కాని శుక్రవారం నాడు ఆమె మైకుల నుంచి సిద్దిపేట అజాన్ వినవడంగనే, ఆయన లారీ పక్కకు తీసి ఆపుతడు. "మన గల్లీ అజాన్ వినవడ్తుంటె ఎట్ల తోలుత అర్షీ," అనేటోడు. ఆ మూడు నిమిషాలు రెండు లారీలు ఒకదాని ఎనుక ఒకటి ఊకెనే నిలవడుండేటియి. ఇద్దరు ఏం మాట్లాడకపోయేది. వారమంతట్ల ఆమెకు అన్నిటికంటె ఇష్టమైన మూడు నిమిషాలు అవి.

నీలి లారీ ఆగలే.

ఎనుక ఎర్ర లైటు గూడ ఎలగలే. అదే ఊపుల పోయింది. వంతెన ఎక్కింది. మలుపు కాడ జర ఒరిగి, గుట్ట ఎనుకకు పోయి కనుమరుగైంది. రోడ్డు ఖాళీగ ఉన్నది. అజాన్ ఇంక అయితనే ఉన్నది.

అర్షీన్ మైకు గుర్తు దిక్కు చూసింది. పచ్చగ మిణుకుతుంది. అజాన్ ఇచ్చే ముయెజ్జిన్ గొంతు లేచినప్పుడల్ల లేస్తుంది, దిగినప్పుడల్ల దిగుతుంది. అవతల మనిషికి సక్కగ వినవడ్తుంది.

అజాన్ అయిపోయినంక ఖాజాబీ మొఖం తుడుచుకున్నది. "నువ్వాపినవ్, వాడు ఆపలేదేం? పాపం, నెట్టు ఖరాబుంటది. వినవడకపోయి ఉంటది," అన్నది. తల్లి గదా, తప్పు పడకముందే మాఫీ తయారుగ పెట్టుకుంటది.

అర్షీన్ లెక్కేసుకున్నది. మూడు శుక్రవారాలు. మూడు శుక్రవారాలు అజాన్ అయినప్పుడు తెర మీద ఆయన లారీ నిలవడే ఉన్నది, తను కండ్లార చూసింది. చూసి, ఆయన ఉన్నడని నిమ్మళపడ్డది. కాని ఆగింది లారీ కాదు. ఆగింది బొమ్మ.

అర్షీన్ రాసింది: అజాన్ వినవళ్ళేదా?

జవాబు వెంటనే వచ్చింది, టీవీ మీద ఇంత పెద్ద అక్షరాలతోని: సారీ. నెట్ స్లో.

ఖాజాబీకి ఉర్దూ తప్ప చదువరాదు. ఇంగ్లీషు అక్షరాలల్ల రాసిన తెలుగు ఆమెకు చీమల బారు. కాని సునీల్‌కు చదువొస్తది. ఆయన గోడ కాడికెళ్ళి ఒక అడుగు ముందటికొచ్చిండు.

అర్షీన్ ఇంకో మాట రాసింది: నువ్వు ఎవరు?

జవాబు కోసం ఆగకుండ తను లారీని నడిపి మలుపు దాటి చూసింది. నీలి లారీ రోడ్డు నడుమల, అడ్డంగ ఆగి ఉన్నది, తోలెటోడు చేతులు ఎత్తేసినట్టు. అప్పుడొచ్చింది ఒక్కటే మాట: అక్కా.

"ఏం రాసిండు?" అన్నది ఖాజాబీ.

"తిన్నరా అని అడుగుతుండు అమ్మీ."

"తిన్నం అని రాయి. బగారన్నం చేసినం అని రాయి. వాడు ఏం తిన్నడో అడుగు."

అక్షరాలు పడుతున్నయి: అక్కా నన్ను తిట్టకు. నేను మల్లయ్యను. మాది కోహెడ. హస్నైన్ భాయ్‌ది నాది ఒకటే రూము.

"ఇప్పుడేమన్నడు?"

"గోలీలు ఏసుకుంటున్నవా అని."

"పొద్దటివి ఏసుకుంటున్న, రాత్రివి యాది మరుస్తున్న అని రాయి. కొడుకుతోని అబద్ధం ఎందుకు."

అర్షీన్ రాసింది: ఆయన ఏడి?

మల్లయ్య రాసుడు మొదలు పెట్టినంక ఇగ ఆగలే. మూడు వారాల సంది ఛాతి మీద మోసిన బండ దించుకుంటున్నట్టు, ఒక వరుస ఎనుక ఇంకో వరుస. మూడు వారాల కింద, శుక్రవారం ముందటి బేస్తారం నాడు డ్యూటీ అయినంక పోయిండు అక్కా. బయట రెండు రోజుల పని దొరికింది, శనివారం పొద్దుగాలకు వస్త అన్నడు. కంపెనీకి తెలిస్తె ఊకోరు, ఫోను ఉంటె ఎక్కడున్నది పట్టుకుంటరు అని ఫోను నా చేతుల పెట్టిండు. శుక్రవారం ఆమె రోడ్డు మీద ఒక్కతే అయితది, నా లారీ నువ్వు తోలు అన్నడు. ఒక్క వారమే అనుకున్న. శనివారం రాలే. మళ్ళ శనివారం రాలే. పారిపోయిండని కంపెనీ రాసుకున్నది. నేను అడిగితె నన్ను గూడ పంపిస్తరని భయమైంది.

మెసేజులు? అని రాసింది అర్షీన్.

నేనే పెట్టిన. నువ్వు భయపడ్తవని.

ఆ మెసేజులన్ని అర్షీన్‌కు యాదికొచ్చినయి: బాగున్న. తిన్న. బిడ్డ పైలం. ఎండలు మండుతున్నయి, ఏసీ బాగుచేసేటోనికే ఏసీ లేదు. పోయిన మంగళవారం ఆ ఏసీ మాటకు తను నవ్వింది. బట్టలు ఆరేసుకుంట, దండెం కాడ, ఒక్కతే నవ్వింది. పక్కింటి బాలలక్ష్మి గోడ మీదికెళ్ళి, "ఏందమ్మా, మీ ఆయన మెసేజా?" అని అడిగితె, సిగ్గుపడి ఫోను కొంగుల దాచుకున్నది గూడ.

"దుల్హన్, గంత పొడుగు ఏం రాస్తుండు?"

"పని... పని సంగతులు అమ్మీ."

"పని సంగతులు మనకెందుకు. రంజాన్‌కు వస్తడా రాడా, గదొక్కటి అడుగు."

అర్షీన్ రాసింది: ఏం పని? ఎవరు తీస్కపోయిన్రు? ఎటు పోయిన్రు?

"రంజాన్ అని రాయనీకి గిన్ని అక్షరాలా," అన్నది ఖాజాబీ.

జవాబు మెల్లగ వచ్చింది. పేరు తెల్వదు అక్కా. తెల్ల బండి. జుబైల్ పట్నం దిక్కు అన్నడు. ఏం పని అంటె చెప్పలే. ఎందుకు భాయ్ ఈ ఎండల అంటె ఒకటే అన్నడు. ఆమెకు నా లారీ ముక్కలు ముక్కలుగ కనవడ్తుందట, లాప్‌టాపుకు బయట పెట్టే కార్డు ఒకటి కొని పంపాలె అన్నడు.

సందూకు మీద కార్డు పంఖాలు తిరుగుతున్నయి. సన్నగ, ఆగకుండ.

అడిగింది తనే. ఫోన్ల, గారాబంగ, "నువ్వు నాకు సక్కగ కనవడ్తలేవ్, గిదేం మొగుడు, ఫోటోల దుకాణం," అని ఎక్కిరించింది. ఆయన నవ్వి, "ఆగు, నీకు మొత్తం కనవడేటట్టు చేస్త," అన్నడు. ఆయన గొంతు వినుడు అదే ఆఖరు.

తహూరా తల్లి చంకలోంచి జారి, టీవీ కాడికి పోయి, నీలి లారీ మీద అరచెయ్యి పెట్టింది. "అబ్బా," అన్నది. తట్టింది. "అబ్బా, తలుపు తియ్యి."

అర్షీన్ నోరు తెరిచింది. మాట రాలే. ఖాజాబీ కోడలి మొఖం దిక్కు తిరిగింది. "ఏమన్నడు? దుల్హన్? రాను అన్నడా?" ఆమె చెయ్యి ఛాతి మీదికి పోయింది.

"వస్త అంటుండు ఖాజాబమ్మా," అన్నడు సునీల్. చదువుతున్నట్టు టీవీ దిక్కు ఏలు చూపెట్టిండు. "సెలవు పెట్టిన అంటుండు. అక్కకు సంతోషానికి మాట వస్తలేదు."

ఖాజాబీ కండ్లు నిండినయి. "నిజమా?" అని రెండుసార్లు అడిగింది. టీవీ కాడికి పోయి, మనుమరాలి చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది, ఆ చేతిని ముద్దు పెట్టుకున్నది. "అల్లాకు షుకరానా నమాజు చదువుకొనొస్త. వానిని పోనియ్యకు, ఇంకొంచెం సేపు కూసోబెట్టు," అని వజూకు కాళ్ళు చేతులు కడుక్కోనీకి బోరింగు దిక్కు పోయింది. పోయేటప్పుడు ఆమె నడకల రెండు నెలల సంది ఉన్న నీరసం లేదు.

"తప్పు చేసిన్నా అక్కా?" అన్నడు సునీల్, ఆమె పోయినంక.

అర్షీన్ కీబోర్డు దగ్గరికి జరిగింది. ఆమె చూపు టీవీ మీద ఉన్నది. మల్లయ్య ఇంకా పోలేదు.

ఇంకోటి ఉన్నది అక్కా. నిన్న భాయ్ ఫోన్‌కు తెల్వని నంబరు నుంచి ఫోటో ఒకటి వచ్చింది. మళ్ళ ఫోను చేస్తె బంద్ ఉన్నది. నాకు దాన్ని రెండోసారి చూడ బుద్ధికాలే. నీకు పంపిన. అమ్మ పక్కకు లేనప్పుడు చూడు.

లాప్‌టాపుకు కట్టేసి ఉన్న ఫోను, చాప మీద బోర్లపడి ఉన్నది, ఒకసారి వణికింది.

అర్షీన్ దాన్ని పీకలే. పీకితె మల్లయ్య పోతడు, మల్లయ్య పోతె ఆ రోడ్డు చివర మనిషే ఉండడు. వైరు ఎంత పొడుగుందో అంతనే వంగి, చెంప చాపకు తగులుతుంటె ఫోటో తెరిచింది.

దవాఖాన మంచం. తెల్ల దుప్పటి. పక్కన కిటికి, దానికి నీలి పరదా సగం జరిపి ఉన్నది. దుప్పటి మీద ఒక చెయ్యి. సూది గుచ్చి, పట్టీ వేసి ఉన్నది. బొటనవేలు మొదట్ల నల్లగ కాలిన మచ్చ, రూపాయి బిళ్ళంత. షాపుల మొదటి మిషను బాగుచేసిన్నాడు సోల్డరింగు కడ్డీ తగిలి కాలింది, తనే ఎన్నపూస రాసింది. మణికట్టుకు ఒక కాగితం పట్టీ, దాని మీద అరబ్బీల ఏదో రాసి ఉన్నది, తడిసి అలుక్కపోయింది. ఫోటో చెయ్యి కాడికే ఉన్నది. మొఖం లేదు. ఆ గోళ్ళు పాణమున్న చేతి లెక్క ఎర్రగున్నయో, తెల్లగున్నయో, అర్షీన్ ఎంత పెద్దగ చేసి చూసినా ఫోటో పిగిలిపోతుంది తప్ప రంగు తెలుస్తలేదు.

లోపలి అర్రల ఖాజాబీ నమాజుకు నిలవడ్డది.

ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఆ దిక్కు ఎవరిని అడగాలెనో అర్షీన్‌కు తెల్వదు. మీ ఇంటి మనిషి ఎవరన్న దమ్మామ్‌ల గాని, జుబైల్‌ల గాని ఉంటె, డ్యూటీ అయినంక ఒక్కసారి దవాఖానలు తిరిగి చూడుమని చెప్పున్రి. కిటికి పక్క మంచం, నీలి పరదా. మణికట్టు పట్టీ మీద ఏ పేరు రాసుకున్నరో నమ్మొద్దు, కంపెనీకి దొరుకుతనని వేరే పేరు చెప్పి ఉండొచ్చు. దగ్గరికి పోయి హస్నైన్ అని పిలువుమనున్రి. ఒక్కసారి పిలిచి తిరిగి రావొద్దు. ఆయన ఎప్పుడైనా రెండోసారి పిలిస్తెనే పలుకుతడు.